స్టార్మ్ చేజింగ్‌కు కొత్తగా వచ్చేవారికి మర్యాదలు, వివాదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి డాలస్ చుట్టుపక్కల ఉద్యోగాలు, చదువులు చేసుకుంటున్న మన తెలుగువారిలో కొందరికి ఆకాశం మీద గాలి మళ్ళుతుంది. శనివారం కారు తీసుకుని ఓక్లహోమా వైపు వెళ్ళి టోర్నడో, అంటే మేఘం నుంచి నేలకు దిగే భీకర సుడిగాలి, చూసి రావాలనుకుంటారు. కొన్ని సీజన్లుగా ఆ రోడ్ల మీద తిరుగుతున్నవాడిని కనుక వారు నన్ను అడిగే ప్రశ్నలను, నేను చెప్పే సమాధానాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇందులో మేఘాల శాస్త్రం కొంచెమే ఉంటుంది. మనుషుల మధ్య నడవడిక గురించే ఎక్కువగా ఉంటుంది.

స్టార్మ్ చేజింగ్ అంటే తుఫాను వెంట పడటమేనా?

కాదు. మన భాషలో తుఫాను అంటే బంగాళాఖాతంలో పుట్టి తీరం దాటేది. ఇక్కడ చేజర్లు వెంబడించేది గాలివానను, అందులోనూ తన చుట్టూ తాను తిరిగే సూపర్‌సెల్ అనే మేఘాన్ని. టెక్సస్ నుంచి ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా వరకు పరుచుకున్న మైదానాల్లో, ఏప్రిల్ నుంచి జూన్ వరకు, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమగాలి పడమటి ఎడారుల నుంచి వచ్చే పొడిగాలిని తాకే చోట ఇలాంటి మేఘాలు లేస్తాయి. చెట్లు తక్కువగా, నేల చదునుగా ఉండటం వల్ల ఒకే మేఘాన్ని పాతిక మైళ్ళ దూరం నుంచి కూడా అడుగు నుంచి తల వరకు చూడగలం.

ఇదే సరదాను మన కోస్తాకు తీసుకుపోవచ్చా అని కొందరు అడుగుతారు. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పున వస్తుంది. దానికి పక్కన నిలబడి చూసే చోటంటూ ఉండదు, పైగా ప్రాణాలు తీసేది చాలాసార్లు గాలి కన్నా ముందు ఉప్పెన. 1977 నవంబరులో దివిసీమలో జరిగింది అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన రోజున కెమెరా పట్టుకుని బీచ్ రోడ్డుకు వెళ్ళినవాడు చేజర్ కాడు, సహాయక సిబ్బందికి అదనపు భారం. అందువల్ల ఈ సమాధానాలన్నీ అమెరికా మైదానాలకు సంబంధించినవేనని గమనించగలరు.

ఈ సరదా ఎప్పుడు మొదలైంది?

ఉత్తర డకోటాలోని బిస్మార్క్‌లో 1956లో గాలివానల వెంట తిరగడం మొదలుపెట్టిన డేవిడ్ హోడ్లీని తొలితరం చేజర్‌గా చెప్పుకుంటారు. చేజర్ల కోసం 1977లో ఒక పత్రికను ప్రారంభించినదీ ఆయనే. 1970ల ఆరంభంలో ఓక్లహోమాలోని నార్మన్ పట్టణంలో ఉన్న ప్రభుత్వ పరిశోధనశాల, ఓక్లహోమా విశ్వవిద్యాలయం కలిసి టోర్నడోల దగ్గరికి బృందాలను పంపడం మొదలుపెట్టాయి. 1973 మే 24న యూనియన్ సిటీ టోర్నడోను పుట్టుక నుంచి చివరి వరకు చిత్రీకరించడం ఆ పనికి పేరు తెచ్చింది. 1996లో ఒక హాలీవుడ్ చిత్రం వచ్చాక జనం పెరిగారు, చేతిఫోన్లో రాడార్ వచ్చాక మరీ పెరిగారు. ఒకప్పుడు రోడ్డు మీద ఇంకో చేజర్ కనిపిస్తే ఆగి పలకరించేవారని పాతవారు చెబుతారు. ఇప్పుడు మే నెలలో మంచి అంచనా ఉన్న రోజున రెండు వరుసల రోడ్డు మీద తిరునాళ్ళలా ఉంటుంది. కింద చెప్పబోయే మర్యాదల్లో చాలా భాగం ఈ రద్దీ నుంచి పుట్టినవే.

అన్నింటికన్నా ముందు నేర్చుకోవలసిన మర్యాద ఏది?

కారు నడపడం. ఇది వినడానికి చప్పగా ఉంటుందని నాకు తెలుసు, కాని ఈ సమాజంలో పెద్దలు అనుకునే ప్రతి ఒక్కరూ ఈ మాటే మొదట చెబుతారు. చార్లెస్ డాస్‌వెల్ అనే వాతావరణ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఒకే మాట చెబుతూ వచ్చారు: చేజర్‌కు మొదటి ప్రమాదం రోడ్డు, తరువాత పిడుగు, ఆ తరువాతే టోర్నడో.

చరిత్ర కూడా అలాగే ఉంది. చేజింగ్‌లో నమోదైన తొలి మరణం 1984లో ఓక్లహోమా విశ్వవిద్యాలయ విద్యార్థిది. తడి రోడ్డు మీద కుందేలు అడ్డం వస్తే తప్పించబోయి అతడి కారు అదుపు తప్పింది. 2017 మార్చి 28న టెక్సస్‌లోని స్పర్ దగ్గర స్టాప్ గుర్తు వద్ద ఆగకుండా దూసుకువచ్చిన చేజర్ల వాహనం ఒకటి మరో చేజర్ వాహనాన్ని ఢీకొని మొత్తం ముగ్గురు మరణించారు. 2022 ఏప్రిల్ 29 రాత్రి కాన్సస్‌లో టోర్నడో చూసి తిరిగి వస్తున్న ముగ్గురు వాతావరణ శాస్త్ర విద్యార్థుల కారు వాననీటి మీద జారి ఆగిపోగా వెనుక నుంచి వచ్చిన ట్రక్కు ఢీకొంది. ఈ చివరి సంఘటనను గుర్తుపెట్టుకోండి: వేట ముగిసిపోయింది, వారు ఇంటికి వెళుతున్నారు. ఉదయం ఆరింటికి బయలుదేరి, ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగి, రాత్రి పదకొండింటికి వానలో ఇల్లు చేరాలనుకోవడమే అసలు ప్రమాదం. మోటెల్‌కు పెట్టే అరవై, డెబ్బై డాలర్లను ఖర్చుగా చూడకండి.

ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, ఆగదలిస్తే నాలుగు చక్రాలూ తారు దిగేలా ఆగాలి. అలా దిగే చోటు లేకపోతే అక్కడ ఆగకూడదు, ఎదురుగా ఎంత గొప్ప దృశ్యం ఉన్నా సరే. గుట్ట ఎక్కి దిగే చోట, మలుపులో, వంతెన మీద ఆగడం నేరంతో సమానం. తిరిగి రోడ్డు ఎక్కేటప్పుడు ఇండికేటర్ వేసి వెనక్కి చూడాలి, ఎందుకంటే ఆ సమయంలో మీ వెనుక వచ్చేవాడు కూడా రోడ్డు కాక మేఘాన్నే చూస్తూ ఉంటాడు. స్టీరింగ్ పట్టినవారు ఫోన్ పట్టకూడదు, రాడార్ కోసం కూడా. ఇద్దరుగా వెళ్ళడం మేలు: ఒకరు నడపాలి, ఒకరు చూడాలి. ఒంటరిగా వెళ్ళక తప్పకపోతే, ఆగినప్పుడే చూడాలి.

ప్రతివారూ 2013 ఎల్ రీనో గురించి మాట్లాడతారు. అక్కడ ఏం జరిగింది?

1956 నుంచి 2013 వరకు, అంటే 57 ఏళ్ళలో, టోర్నడో చేతిలో నేరుగా మరణించిన చేజర్ ఎవరూ లేరు. 2013 మే 31, శుక్రవారం సాయంత్రం ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర ఆ లెక్క మారింది. ఆ టోర్నడో గరిష్ఠ వెడల్పు 2.6 మైళ్ళు, అంటే నాలుగు కిలోమీటర్లకు పైనే. అమెరికాలో ఇంతవరకు నమోదైనవాటిలో అదే అతి వెడల్పైనది. మొదట ఆగ్నేయంగా కదిలి, తరువాత ఉత్తరం వైపు తిరిగి, వేగం పెంచి, వానలో దాక్కుని వచ్చింది. టోర్నడో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నదో దగ్గరున్నవారికి కంటితో చెప్పలేని పరిస్థితి అది.

ఆ రోజు మరణించినవారిలో టిమ్ సమరాస్, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ఉన్నారు. సమరాస్ దూకుడు మనిషి కాదు. 2003లో దక్షిణ డకోటాలోని మాంచెస్టర్ వద్ద టోర్నడో దారిలో పరికరం పెట్టి సుమారు 100 మిల్లీబార్ల పీడన పతనాన్ని నమోదు చేసిన పరిశోధకుడు. జాగ్రత్తకు ఉదాహరణగా అందరూ ఆయన్నే చూపేవారు. అందుకే ఆ మరణం చేజర్లను అంతగా కదిలించింది. ఆయనకు నివాళిగా చేజర్లు మైదానాల్లో వేరువేరు చోట్ల తమ జీపీఎస్ స్థానాలను నిలిపి, పటం మీద ఆయన పేరులోని తొలి అక్షరాలు కనిపించేలా చేశారు.

వివాదం ఎక్కడ ఉందంటే, ఆ సాయంత్రం రోడ్లన్నీ నిండిపోయాయి. పదకొండు రోజుల ముందే, మే 20న, మూర్ పట్టణంలో టోర్నడోకు 24 మంది మరణించారు కనుక భయపడిన ఓక్లహోమా సిటీ నగరవాసులు కార్లలో దక్షిణానికి బయలుదేరారు. అంతర్రాష్ట్ర రహదారులు స్తంభించాయి. వారి మధ్యలో చేజర్లు, స్థానిక ఔత్సాహికులు. చేజర్ల వల్లే రద్దీ వచ్చిందనేవారు ఒక వైపు, పారిపోయే నగర జనం ముందు చేజర్ల సంఖ్య ఎంత అనేవారు ఒక వైపు. ఎల్ రీనో విషయంలో రెండోవారి మాటే సరైనదని నాకు అనిపిస్తుంది. కాని ఊళ్ళు లేని కాన్సస్ పొలాల మధ్య రోడ్డు నిండిపోయినప్పుడు ఆ వాదన చెల్లదు, అక్కడ రద్దీ అంతా మనదే. కొత్తగా వచ్చినవారు ఈ చర్చలో తీర్పు చెప్పడానికి తొందరపడకపోవడం మంచిది, ఎందుకంటే ఎదుటివారిలో ఎవరో ఒకరు ఆ రోజు స్నేహితుణ్ణి పోగొట్టుకుని ఉండవచ్చు.

అనుభవం ఉన్న చేజర్ కారు వెనుక వెళితే సరిపోదా?

సరిపోదు, పైగా అది అమర్యాద. ముందున్నవాడికి తప్పించుకునే దారి తెలిసి ఉండవచ్చు. అతడు హఠాత్తుగా వెనక్కి తిరగవలసి వస్తే అడ్డం పడేది మీరే. అతడికే తెలియకపోతే ఇద్దరూ చిక్కుకుంటారు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడం ఇక్కడ పనికిరాదు.

నార్మన్‌లోని స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ రోజూ విడుదల చేసే అంచనాను చదవడంతో మొదలుపెట్టండి. రంగుల పటాన్ని చూసి వదిలేయకుండా దాని కింద రాసిన చర్చను చదవండి, అర్థం కాని మాటలను రాసుకోండి. అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ వారు గాలివానలను గమనించి తెలియజేసే స్వచ్ఛంద పరిశీలకులకు ఇచ్చే స్కైవార్న్ శిక్షణ ఉచితం, ఒక సాయంత్రం చాలు. సాధారణంగా ఈశాన్యానికి కదిలే సూపర్‌సెల్‌లో టోర్నడో పుట్టే చోటు నైరుతి భాగంలో ఉంటుంది. దానికి ఆగ్నేయంగా, దక్షిణానికి దారి తెరిచి ఉండేలా నిలబడటం తొలి పాఠం. ఉత్తరం నుంచి వాన, వడగళ్ళ తెరను చీల్చుకుంటూ టోర్నడో వైపు రావడాన్ని కోర్ పంచింగ్ అంటారు. తెర దాటాక ఎదురుగా ఏముందో దాటేవరకు తెలియదు కనుక కొత్తవారు దాని జోలికి పోకూడదు. టోర్నడో పుట్టే చోటు రాడార్‌లో కొక్కెంలా కనిపిస్తుంది, దాన్ని హుక్ అంటారు. ఆ హుక్ లోపలి భాగాన్ని చేజర్లు ఎలుగుబంటి బోను అని పిలుస్తారు, ఆ పేరే తగినంత వివరణ.

"రేపు ఎక్కడికి వెళుతున్నారు?" అని అపరిచిత చేజర్‌ను అడగడం, మన ఊళ్ళో చేపలు పట్టేవాడిని ఏ మడుగులో పడుతున్నాయని అడిగినట్టే ఉంటుంది. మీ అంచనా ముందు చెప్పి, అందులో తప్పేముందని అడగండి. అప్పుడు అరగంట కూర్చోబెట్టి చెప్పేవారు చాలామంది ఉన్నారు.

పక్కన ఫోటోలు, వీడియోలు తీసేవారి దగ్గర ఎలా ఉండాలి?

ట్రైపాడ్ ముందుకు వెళ్ళకండి. తలుపులు దబాలున వేయకండి, పాటలు ఆపేయండి. రాత్రి మెరుపుల ఫోటోలు తీసేవారి దగ్గరికి వచ్చేటప్పుడు హెడ్‌లైట్లు వారి కెమెరా మీద పడకుండా కారు తిప్పి, ఆగగానే ఆర్పేయండి.

పొలాల్లోకి వెళ్ళవచ్చా?

వెళ్ళకూడదు. కంచె లేనంత మాత్రాన అది అందరి భూమి కాదు. మే నెలలో అక్కడ గోధుమ కోతకు సిద్ధమవుతూ ఉంటుంది. పొలం గేటు ముందు కారు పెట్టకండి, గాలివాన వస్తున్నదంటే పశువులను తోలుకురావడానికి రైతు అదే గేటు తీయాలి. ఎవరైనా రైతు ట్రక్కు ఆపి ఏం చేస్తున్నారని అడిగితే, దాదాపు ఎప్పుడూ ఆయనకు కావలసింది మేఘం ఎటు పోతున్నదన్న సమాచారమే. చెప్పండి, రాడార్ చూపించండి. నేను అలా చెప్పినందుకు ఒకాయన తన కొట్టంలో కారు పెట్టుకోమని వడగళ్ళ నుంచి కాపాడాడు.

ఓక్లహోమా, కాన్సస్‌లలో గ్రామీణ రోడ్లు మైలుకొకటి చొప్పున చదరంగపు పలకలా ఉంటాయి, పటం మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటిలో సగం మట్టివి. ఆ ఎర్రమట్టి వానకు తడిస్తే మన నల్లరేగడి కన్నా తక్కువేమీ కాదు. చక్రం దిగబడితే టోర్నడో మీ వైపు వస్తున్నా కదలలేరు, ట్రాక్టరు తెచ్చి లాగే పని ఆ రైతుదే అవుతుంది. తారు రోడ్డు వదలకండి.

కారు మీద పసుపు లైట్లు పెట్టుకోవచ్చా? లైసెన్సు కావాలా?

ఈ సమాజంలో గొడవకు నిప్పురవ్వ లాంటి ప్రశ్న ఇది. ఎరుపు, నీలం లైట్లు పోలీసు, అత్యవసర వాహనాలవి, వాటి గురించి చర్చే లేదు. పసుపు లైట్ల నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. వానలో ఆగి ఉన్న కారు వెనుక వచ్చేవారికి కనిపించాలి కదా అనేది సమర్థించేవారి వాదన. లైట్లు పెట్టుకున్నవాడు తనకు అధికారం వచ్చిందనుకుంటాడు, రోడ్డు మధ్యలో ఆగుతాడు, ఎర్ర సిగ్నల్ దాటుతాడు అనేది వ్యతిరేకుల వాదన. నా అనుభవంలో రెండో రకమే ఎక్కువ కనిపించింది. నాలుగు చక్రాలూ తారు దిగితే హజార్డ్ లైట్లు చాలు. అదే విధంగా కారు నిండా స్టిక్కర్లు, పైకప్పు మీద పనిచేయని గాలివేగం కొలిచే పరికరం పెట్టుకుని మొదటి సీజన్‌లోనే తిరగడం చూసి పాతవారు నవ్వుకుంటారు.

చేజింగ్‌కు లైసెన్సు లేదు. వృత్తి చేజర్లకు లైసెన్సు ఇచ్చి రోడ్డు మీద కొన్ని ప్రత్యేక హక్కులు కల్పించాలన్న ప్రతిపాదన ఇటీవలి సంవత్సరాల్లో ఓక్లహోమా శాసనసభ ముందుకు వచ్చింది. టీవీ ఛానెళ్ళకు పనిచేసేవారిలో కొందరు సమర్థించారు, మిగిలినవారిలో చాలామంది ఆకాశం చూడటానికి అనుమతి ఏమిటని మండిపడ్డారు. ఈ విషయంలో నేనూ ఆ మిగిలినవారితోనే ఉన్నాను. ఉన్న ట్రాఫిక్ చట్టాలను చేజర్ల మీద గట్టిగా అమలు చేస్తే కొత్త చట్టం అవసరం లేదు.

చేజర్లు ప్రాణాలు కాపాడతారన్న మాట నిజమేనా?

కొంత నిజం. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి పైకి లేస్తుంది, కాబట్టి దూరపు ఊళ్ళలో మేఘం కింద ఏం జరుగుతున్నదో దానికి కనిపించదు. "టోర్నడో నేలను తాకింది, నేను చూస్తున్నాను" అని ఒక నమ్మకమైన మనిషి చెప్పిన మాట హెచ్చరికకు బలం ఇస్తుంది. వినేవారు కూడా అప్పుడే కదులుతారు. అయితే ఒకే టోర్నడో దగ్గర రెండు వందల మంది ఉన్నప్పుడు రెండు వందల ఒకటవ మనిషి వల్ల ఎవరి ప్రాణమూ నిలవదు. మనలో ఎక్కువమంది వెళ్ళేది చూడాలన్న కోరికతో. అలా చెప్పుకోవడంలో సిగ్గు లేదు. సేవ చేస్తున్నామని చెప్పుకుంటూ సిగ్నల్ దాటడంలో ఉంది.

నివేదిక ఇచ్చేటప్పుడు చూసినదే చెప్పండి: ఎన్ని గంటలకు చూశారు, మీరు ఎక్కడ ఉన్నారు, అది మీకు ఏ దిక్కున ఉంది, తిరుగుతున్నదా. మేఘం కింద వేలాడే తునక మేఘాలను చూసి టోర్నడో గరాటు దిగిందని కేకలు వేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. ఒక నిమిషం ఆగి చూస్తే తిరుగుడు ఉందో లేదో తెలుస్తుంది. తప్పుడు నివేదికతో ఒక పట్టణమంతా సైరన్లు మోగితే, తరువాతిసారి నిజంగా మోగినప్పుడు కొందరు లేవరు.

లైవ్ ఇవ్వవచ్చా? దానిపై వచ్చే డబ్బు?

లైవ్ ఇవ్వడం తప్పు కాదు, వాతావరణ కార్యాలయాలు కూడా ఆ దృశ్యాలను చూస్తాయి. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, చూసేవారి సంఖ్య పెరిగేకొద్దీ దగ్గరికి పోవాలనిపించడంలో. నిన్నటి టోర్నడో బొమ్మను ఈరోజు థంబ్‌నెయిల్‌గా పెట్టడం, వారం ముందే "చరిత్రలో ఎన్నడూ లేనంత" అని భయపెట్టడం, కృత్రిమ మేధతో చేసిన టోర్నడో చిత్రాన్ని నిజమైనదిగా చూపడం, ఇవి చేసినవారి పేరు ఒక్క సీజన్‌లో పాడవుతుంది. ఇంకొకరి వీడియోను అడగకుండా వాడటం దొంగతనమే. వృత్తి చేజర్లు దీనిపై కోర్టుకు వెళ్ళడం మామూలే.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఎఫ్‌-1, హెచ్‌-1బి వీసాల మీద ఉన్నవారు వీడియోలు అమ్మినా, లైవ్ ద్వారా డబ్బు తీసుకున్నా అది అనుమతి లేని పనిగా పరిగణించబడే ప్రమాదం ఉంది. ముందు వలస న్యాయవాదిని అడగండి. మూడు వందల డాలర్ల కోసం వీసా పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

టోర్నడో చూసి సంతోషంతో కేకలు వేస్తే తప్పా?

దీని మీద ఏటా మే నెలలో తగువు నడుస్తుంది. ఖాళీ పొలంలో తెల్లటి తాడులా దిగిన టోర్నడోను చూసి ఎవరైనా అరవకుండా ఉండలేరు. పదేళ్ళుగా చూస్తున్నవారికి కూడా గొంతు పూడుకుపోతుంది. కాని అదే టోర్నడో ఊరి వైపు తిరిగిన క్షణం నుంచి దాని కింద ఎవరి ఇల్లో ఉంటుంది. కెమెరా శబ్దాన్ని కూడా పడుతుందని మరచి చేసిన కేరింతలు, మరునాడు ఇల్లు పోయినవారి చెవిన పడ్డాయి, చాలాసార్లు పడ్డాయి. మంచి టోర్నడో, అందమైన టోర్నడో అనే మాటలను చేజర్ల మధ్య వాడుకున్నా, పెట్రోలు బంకులో స్థానికుల ముందు వాడకండి.

దారిలో ఊరు దెబ్బతిని కనిపిస్తే ఏం చేయాలి?

మీరే మొదట చేరుకున్నవారైతే వేట అక్కడితో ముగిసింది. 911కు ఫోన్ చేసి చోటు స్పష్టంగా చెప్పండి, తెగిన కరెంటు తీగలను, గ్యాస్ వాసనను గమనించండి, గాయపడినవారికి తెలిసిన మేరకు ప్రథమ చికిత్స చేయండి. ఒకరోజు ప్రథమ చికిత్స తరగతికి వెళ్ళి ఉంటే ఆ రోజు అక్కరకు వస్తుంది. డిక్కీలో మందపాటి చేతితొడుగులు, రక్తం ఆపే పట్టీలు, నీళ్ళు ఉంచండి. 2011 మే 22న మిస్సోరిలోని జోప్లిన్‌లో 150 మందికి పైగా మరణించిన సాయంత్రం మేఘం వెంట వచ్చిన చేజర్లలో కొందరు కెమెరాలు పక్కన పెట్టి శిథిలాల్లోకి దిగారు.

సహాయక సిబ్బంది అప్పటికే వచ్చి ఉంటే మాత్రం వెళ్ళకండి. మీ కారు అంబులెన్సుకు అడ్డం. ఆగి చిత్రీకరించడం తప్పని నేను అనను, విలేకరి పని అదే కదా అనేవారి మాటలో న్యాయం ఉంది. కాని చావు జరిగిన ఇంటి ముంగిట ఎలా నిలబడతామో, ఎంత గొంతుతో మాట్లాడతామో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఏడుస్తున్న మనిషి ముఖానికి కెమెరా పెట్టవలసిన అవసరం ఏ ఛానెల్‌కూ లేదు.

టూర్ కంపెనీల మీద ఎందుకంత కోపం?

వేల డాలర్లు తీసుకుని వారం పది రోజులు వ్యాన్లలో తిప్పే సంస్థలు 1990ల నుంచి ఉన్నాయి. ఒకేసారి నాలుగైదు వ్యాన్లు ఇరుకు రోడ్డు పక్కన ఆగి ముప్పై మంది దిగితే రద్దీ పెరుగుతుంది, ఇరుగుపొరుగు చేజర్లకు చిరాకు. అయినా వ్యాన్లలో ఉన్న ఆ ముప్పై మంది వేరువేరు అద్దె కార్లలో, రోడ్లు తెలియకుండా తిరగడం కన్నా అదే నయం. అనుభవం లేనివారికి మొదటి వారం అలా గడపమని నేను చెబుతాను.

టోర్నడో వచ్చేస్తే వంతెన కింద దాక్కోవచ్చా?

వద్దు. 1991లో కాన్సస్‌లో వంతెన కింద దాక్కుని బయటపడినవారి వీడియో ఒకటి టీవీల్లో తిరిగి ఈ నమ్మకాన్ని నాటింది. 1999 మే 3న ఓక్లహోమాలో వంతెనల కింద దాక్కున్నవారిలో ముగ్గురు మరణించారు. ఆ ఇరుకులో శిథిలాలు దూసుకువస్తాయి, పైగా ఆపిన కార్లు వెనుకవారి దారిని మూసేస్తాయి.

ఎల్ రీనోకు ఈఎఫ్-3 ఎందుకు ఇచ్చారని అడగవచ్చా?

అడగవచ్చు, కాని గంట సేపు వినడానికి సిద్ధపడి అడగండి. టోర్నడో తీవ్రతను సున్నా నుంచి ఐదు వరకు చెప్పేందుకు 2007 నుంచి అమెరికాలో వాడుతున్న ఈఎఫ్ కొలమానం గాలిని కొలవదు, నష్టాన్ని చూసి గాలిని అంచనా వేస్తుంది. ఎల్ రీనోలో సంచార రాడార్ గంటకు సుమారు 300 మైళ్ళ గాలిని చూసింది. మొదట ఈఎఫ్-3 అని, తరువాత ఆ రాడార్ కొలతను బట్టి ఈఎఫ్-5 అని ప్రకటించి, పొలాల్లో అంత నష్టం చూపే కట్టడాలు లేవని చివరకు మళ్ళీ ఈఎఫ్-3కు దించారు. 2013 మూర్ టోర్నడో తరువాత ఏళ్ళ తరబడి ఒక్కదానికీ ఈఎఫ్-5 ఇవ్వకపోవడంతో సర్వేలు చేసే ఇంజినీర్ల మీద అనుమానాలు రేగాయి. చివరకు 2025 జూన్‌లో ఉత్తర డకోటాలోని ఎండర్లిన్ దగ్గర వచ్చినదానికి ఆ అంకె ఇచ్చారు. కొలమానంలో లోపాలున్నాయనడం న్యాయమైన విమర్శ. సర్వే చేసినవారిని వ్యక్తిగతంగా తిట్టడం కాదు.

రాత్రి వేళ, ఆగ్నేయ రాష్ట్రాల్లో?

మిసిసిపి, అలబామాలలో చెట్లు, గుట్టలు, వంకర రోడ్లు. టోర్నడోలు తరచుగా రాత్రి వస్తాయి, వేగంగా కదులుతాయి. చాలామంది అనుభవజ్ఞులు అక్కడికి వెళ్ళరు. మీరూ వెళ్ళకండి.

డ్రోన్ ఎగరవేయవచ్చా?

వాణిజ్య నియమాల ప్రకారం డ్రోన్ నేల నుంచి 400 అడుగులు దాటకూడదు, కనీసం మూడు మైళ్ళ మేర స్పష్టంగా కనిపించాలి, మేఘానికి 500 అడుగుల కిందనే ఉండాలి. గాలివాన దగ్గర ఇవన్నీ ఒకేసారి కుదరడం అరుదు. దెబ్బతిన్న ఊరి మీద హెలికాప్టర్లు తిరుగుతున్నప్పుడు ఎగరవేస్తే అరెస్టు కావచ్చు.

అద్దె కారు తీసుకువెళ్ళవచ్చా?

ఒప్పందం చదవండి, మట్టిరోడ్డు మీద నడిపితే బీమా చెల్లదని రాసి ఉండే అవకాశం ఉంది. రెండు అంగుళాల వడగళ్ళు ముందు అద్దాన్ని పగలగొట్టగలవు. 2010లో దక్షిణ డకోటాలోని వివియన్‌లో ఎనిమిది అంగుళాల వడగల్లు పడింది.

వేసవిలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు. వారికి చూపించవచ్చా?

ఈ ప్రశ్నను మనవాళ్ళు తప్ప ఎవరూ అడగరు, అయినా ఏటా అడుగుతారు. టోర్నడో అంచనా ఉన్న రోజున తీసుకువెళ్ళకండి. ఎనిమిది గంటలు కారులో కూర్చోవడం, వేళకు భోజనం లేకపోవడం, మీరు ఒక్క క్షణం తడబడినా నాన్నగారు "వెనక్కి తిప్పరా" అనడం, ఇవన్నీ మీ నిర్ణయాలను పాడుచేస్తాయి. చిన్నపిల్లల విషయంలోనూ అంతే.

అయితే ఇంకో మార్గం ఉంది. గాలివాన మీ ఊరు దాటి తూర్పుకు వెళ్ళిపోయిన సాయంత్రం, మే నెలలో ఎనిమిదిన్నర ప్రాంతంలో పొద్దు గుంకే ముందు, ఊరి చివర ఏదైనా ఎత్తైన చోట వాహనాలు ఆపుకునే స్థలానికి వారిని తీసుకువెళ్ళండి. పడమటి వెలుగు తూర్పున ఉన్న మేఘం మీద పడి, దాని అడుగున సంచుల్లా వేలాడే మేఘాలు నారింజ రంగుకు తిరుగుతాయి, దూరంగా మెరుపులు చప్పుడు లేకుండా మెరుస్తుంటాయి. ఉరుము వినబడితే మాత్రం అందరూ కారులోనే కూర్చోవాలి. పోయిన ఏడాది మా అమ్మ అలా కారులో కూర్చుని పులిహోర డబ్బా తెరిచి, గంట సేపు ఆ మేఘాన్నే చూసింది.